రాత్రంతా తెరచాప మీదే: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ముంబై నుంచి గోవాకి తెరచాప పడవలో వెళ్లే దారి గురించి నాలుగు ముక్కలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో గోవా గురించి అడిగినవాళ్లు తక్కువ. మధ్యలో రాత్రి వస్తుంది కదా, అప్పుడేం చేస్తారు అనేదే దాదాపు అందరి ప్రశ్నా. న్యాయమైన ప్రశ్నే. కాసేపు పక్కన ఆపుకుందామంటే సముద్రంలో పక్క అంటూ ఉండదు. అందుకే ఈసారి పేజీ అంతా రాత్రికే.

ప్రశ్న: అన్నా, హుస్సేన్ సాగర్‌లో కొంతకాలంగా చిన్న పడవలు నడుపుతున్నాను. ముంబైలో తెలిసినాయనకి 36 అడుగుల పడవ ఉంది. జనవరిలో దాన్ని గోవా తీసుకెళ్తూ, మొదటి మజిలీ జైగడ్ దాకా నన్నూ ఇంకో ఇద్దర్నీ రమ్మన్నాడు. మొత్తం నలుగురం. ఆయనకీ ఇంకొకరికీ సముద్రం అలవాటే, మిగతా ఇద్దరం కొత్త. రాత్రి ఎవరు మేలుకోవాలి, ఎవరు పడుకోవాలి? (హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: వెళ్లు తమ్ముడూ, ఇలాంటి పిలుపు ఊరికే రాదు. ముందు లెక్క చూద్దాం. ముంబై హార్బర్ నుంచి జైగడ్‌కి సుమారు 100 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు, గంటకి ఒక మైలు పోతే ఒక నాట్. మీ పడవ సగటున 5 నాట్లు పోయిందనుకుంటే 20 గంటల ప్రయాణం. మధ్యాహ్నం ఒంటిగంటకి తాడు విప్పితే మర్నాడు పొద్దున తొమ్మిదికి జైగడ్. జనవరిలో అక్కడ ఆరున్నరలోపే సూర్యుడు దిగిపోతాడు, మళ్లీ కనబడేది ఏడు దాటాకే. అంటే సగానికి పైగా చీకట్లోనే. బయల్దేరే టైము కూడా పూర్తిగా మన చేతుల్లో ఉండదు. అమావాస్యకీ పౌర్ణమికీ ముంబైలో పోటుకీ పాటుకీ మధ్య తేడా నాలుగు మీటర్లు దాటుతుంది, ఆ నీరంతా హార్బర్ మూతి గుండానే వచ్చిపోవాలి, కాబట్టి నీరు తీసే వేళ చూసుకుని బయల్దేరితే అదే మిమ్మల్ని బయటికి తోస్తుంది. ఎదురెళ్లారో, ఇంజన్ గోల పెడుతుంది తప్ప కొలాబా ఒడ్డు వెనక్కి జరగదు.

ఇక నిద్ర. కొత్తవాళ్లు చేసే పని ఒకటుంది. మొదటి రాత్రి కదా, సరదా, నలుగురూ పైనే కూర్చుని పదకొండింటి దాకా కబుర్లాడతారు. పన్నెండయ్యేసరికి నలుగురికీ ఒకేసారి కళ్లు మూసుకుపోతాయి, అప్పుడు వాచ్ (మేలుకుని కాపలా కాసే వంతు) ఎవరిదన్నది వాదన. అందుకే వంతులు పగలే కాగితం మీద రాసి మెట్ల దగ్గర అంటించాలి, మొదట పడుకోవాల్సినవాళ్లు నిద్ర రాకపోయినా ఎనిమిదింటికల్లా కిందికి దిగి వెన్ను వాల్చాలి. నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదు, కళ్లు మూసుకుని పడుకోవడమే సగం విశ్రాంతి.

నలుగురిలో ఇద్దరు కొత్త కాబట్టి నేనైతే ఇలా పంచుతాను. అనుభవం ఉన్న ఇద్దరూ ఎప్పుడూ ఒకే వాచ్‌లో ఉండకూడదు. ఎనిమిది నుంచి పదకొండు పడవ ఓనర్, పదకొండు నుంచి రెండు రెండో ఆయన, రెండు నుంచి ఐదు మళ్లీ ఓనర్, ఐదు నుంచి ఎనిమిది రెండో ఆయన. మీరిద్దరూ కూడా మూడేసి గంటలే, కానీ వాళ్లు మారినప్పుడు మీరు మారకూడదు. మీ మార్పు తొమ్మిదిన్నరకి, పన్నెండున్నరకి, మూడున్నరకి, ఆరున్నరకి. అప్పుడు పైనున్న ఇద్దరిలో ఒకరికి గడిచిన గంటన్నరగా చుట్టూ ఏం జరిగిందో తెలిసే ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి దిగిపోయి, నిద్రమత్తులో ఉన్న ఇద్దరు పైకొచ్చి "అదేంటి, ఆ దీపం ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగే పరిస్థితి రాదు.

చుక్కాని మాత్రం ఒకడే మూడు గంటలూ పట్టుకోకండి, అరగంటకోసారి చేతులు మారండి. దిక్సూచినే చూస్తూ కూర్చుంటే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. మంచి చుక్క ఒకటి తెరచాప అంచుకి ఆనించి పెట్టుకుని నడపండి, పది పదిహేను నిమిషాలకోసారి వేరే చుక్కకి మారండి, ఎందుకంటే చుక్కలూ కదులుతాయి. వాచ్ అప్పజెప్పేటప్పుడు పడవ ఎటు పోతోంది, గాలి ఎటునుంచి, కనిపిస్తున్న దీపాలేవి, చివరిసారి మ్యాప్ మీద గుర్తు పెట్టిందెక్కడ, ఇవన్నీ నోటితో చెప్పాలి, వచ్చినవాడు తిరిగి చెప్పాలి. గంటకోసారి స్థానం కాగితం మ్యాప్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. జీపీఎస్ తెర మీద అన్నీ కనబడుతున్నాయి కదా అంటావు, ఉప్పునీళ్లు తగిలి ఆ తెర ఆరిపోయినప్పుడు ఆ పెన్సిల్ గీతే దిక్కు.

ఇంకొక్క మాట. తెరచాప కుదించాలా వద్దా అని మీ ఓనర్ సాయంత్రం ఐదున్నరకి ఆలోచిస్తూ కనబడితే, కుదించేద్దామని నువ్వే అను. వెలుతురుండగా నలుగురూ మెలకువగా ఉన్నప్పుడు పది నిమిషాల పని. అర్ధరాత్రి అదే పనికి అందర్నీ లేపాలి, ఒకడు తడి డెక్ మీద ముందుకి పాకాలి. వేగం అర నాటు తగ్గితే తగ్గనీ. గాలి వాయవ్యం నుంచి, మీరు పోయేది దక్షిణానికి, అంటే గాలి వెనక వైపు నుంచి. అలాంటప్పుడు చుక్కాని పట్టినవాడు ఒక్క క్షణం కునికితే బూమ్ (తెరచాప కింది అంచుని పట్టి ఉంచే అడ్డకర్ర) ఆ కొస నుంచి ఈ కొసకి తలల మీదుగా తిరిగి కొడుతుంది. దాన్ని ముందు వైపు తాడుతో లాగి కట్టేయడం కూడా పగటి పనే.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాంటి ప్రయాణానికే వెళ్తానంటున్నాడు. వద్దంటే వినేలా లేడు. నాకున్న భయం ఒక్కటే, రాత్రి ఎవరూ చూడకుండా నీళ్లలో పడిపోతే? ఈత వచ్చు వాడికి. (రాజమహేంద్రవరం నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ భయం అనవసరమైంది కాదు, ఊరికే ధైర్యం చెప్పి పంపేయను. ఈత రావడం మంచిదే కానీ దాంతో ఇక్కడ పని తక్కువ. 5 నాట్ల వేగమంటే సెకనుకి రెండున్నర మీటర్లు. మనిషి పడ్డాడని తెలిసి, తెరచాప దించి, పడవ తిప్పడానికి ఒక్క నిమిషం పట్టినా అప్పటికే 150 మీటర్ల దూరం. చీకట్లో అలల మధ్య కనిపించాల్సింది కొబ్బరికాయంత తల. జనవరిలో కొంకణ్ నీళ్లు వెచ్చగానే ఉంటాయి, చలికి కొయ్యబారిపోయే ప్రమాదం చల్లటి దేశాల్లో ఉన్నంత ఉండదు. కష్టమల్లా మనిషిని వెతికి పట్టుకోవడంలోనే.

కాబట్టి రాత్రి పూట సూత్రం, పడ్డాక ఎలా తీయాలన్నది కాదు, అసలు పడకూడదన్నది. లైఫ్ జాకెట్‌తో పాటు నడుముకీ భుజాలకీ పట్టీలుంటాయి, వాటికి కొక్కెం ఉన్న చిన్న తాడు. పడవ ముందు నుంచి వెనక దాకా డెక్ మీద గట్టి పట్టీ పరిచి ఉంటుంది, కొక్కెం దానికి తగిలించుకుని నడుస్తారు. కిందినుంచి పైకి వచ్చేటప్పుడు చివరి మెట్టు మీద ఉండగానే తగిలించుకోవాలి, బయటికొచ్చాక కాదు. చీకటి పడ్డాక ఇంకొకర్ని లేపకుండా ఎవరూ కాక్‌పిట్ (చుక్కాని దగ్గర కూర్చునే చోటు) దాటి ముందుకి వెళ్లకూడదు. మీవాడికి మీరు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది, అడగడానికి మొహమాటపడతారని నేనే రాస్తున్నాను: మగపిల్లలు రాత్రి ఒంటేలుకి పడవ అంచున నిలబడతారు, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని. వద్దని చెప్పండి. కింద టాయిలెట్ ఉంటుంది, కూర్చునే పోయమనండి. పైగా ఆ తీరంలో చలికాలం కొన్ని రాత్రులు సముద్రపు నీళ్లు కదిలితే నీలంగా మెరుస్తాయి, నాక్టిలూకా అనే కంటికి ఆనని జీవుల వల్ల. దీపం ఆర్పి ఆ టాయిలెట్ పంపు కొడితే గిన్నె నిండా మిణుగురులే. ఆ ఆశ చూపించి అయినా కిందికి పంపొచ్చు.

వెళ్లేముందు పడవ పేరు, రంగు, అందులో ఎవరెవరున్నారు, ఎక్కడికి, ఎన్నింటికి చేరతారు అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి. చెప్పిన టైముకి ఫోన్ రాకపోతే వెంటనే గాబరా పడొద్దు, తెరచాప పడవ రెండు మూడు గంటలు ఆలస్యం కావడం మామూలే. ఎన్ని గంటలు దాటితే మీరు కబురు చేయాలో కూడా ఆ కాగితం మీదే రాయమనండి. కోస్ట్ గార్డ్ నంబర్ 1554, అది మీ ఫోన్‌లోనూ ఉంచుకోండి.

ప్రశ్న: సార్, చీకట్లో ఎదురుగా కనిపించే దీపం ఓడదో, చేపల పడవదో, అది మన వైపే వస్తోందో ఎలా తెలుస్తుంది? (విశాఖపట్నం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: దీపాల రంగులు ప్రపంచమంతా ఒకటే, 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం. ఏ పడవకైనా ఎడమ పక్కన ఎరుపు, కుడి పక్కన ఆకుపచ్చ, వెనక తెలుపు. ఎరుపొక్కటే కనబడిందంటే దాని ఎడమ పక్క నీకు కనబడుతోంది, అంటే అది నీ ఎడమ చేతి వైపుకి పోతోంది. ఆకుపచ్చయితే కుడి వైపుకి. రెండూ ఒకేసారి కనబడితే మాత్రం కూర్చున్నవాడివి లేవాలి, అది సూటిగా నీ మీదికే వస్తోంది. 50 మీటర్లు, ఆ పైన ఉండే ఓడలకి స్తంభాల మీద రెండు తెల్ల దీపాలు అదనం, ముందుది కిందికి, వెనకది పైకి. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చాయంటే ఓడ ముక్కు నీకేసి తిరిగిందన్నమాట. నిజానికి దూరం నుంచి మొదట కనబడేవి ఈ తెల్లవే, ఎరుపూ పచ్చా తర్వాత.

ఢీకొంటామా లేదా అన్నది కళ్లతో అంచనా వేయకు. చేతి దిక్సూచితో ఆ దీపం ఏ డిగ్రీలో ఉందో చూడు, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ చూడు. డిగ్రీ మారుతుంటే దాదాపుగా తప్పుకుంటున్నట్టే. డిగ్రీ మారకుండా దీపం పెద్దదవుతోందంటే ఇద్దరూ ఒకే చోటికి పోతున్నారు. టైము ఎంతుంటుందో కూడా చూడు: అది 15 నాట్లు, నువ్వు 5, ఎదురెదురుగా అయితే 20. ఆరు మైళ్ల దూరంలో చూశావనుకో, మిగిలింది 18 నిమిషాలు. అందుకే చుట్టూ ఓ చూపు ఐదు నిమిషాలకోసారి, వెనక్కి కూడా, తెరచాప కింద నుంచి వంగి అవతలి పక్క కూడా. ఆ తెరచాప చాటునే ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

పుస్తకం ప్రకారం ఇంజన్ మీద నడిచే ఓడ తెరచాప పడవకి దారివ్వాలి. చేపలు పడుతున్న పడవకి మాత్రం మనమే దారివ్వాలి, ఓడల కాలువలో ఓడలకి అడ్డం పోకూడదు. కంటైనర్ ఓడ నాకు దారిస్తుందని నేనైతే ఎప్పుడూ కూర్చోను. ముందుగానే, వాళ్లకి స్పష్టంగా తెలిసేలా పెద్ద మలుపు తిప్పేస్తాను, హక్కుల సంగతి ఒడ్డు మీద మాట్లాడుకోవచ్చు.

ఓడలతో నిజానికి ఇబ్బంది తక్కువ. కొంకణ్‌లో టెన్షనంతా వలలతోనే. ట్రాలర్ అయితే తెలుపు మీద ఆకుపచ్చ, వేరే రకం వేట అయితే తెలుపు మీద ఎరుపు దీపం పెట్టాలి. చాలా పడవల్లో ఆ రంగులు పెట్టినా, వెనక వెలిగే ఎల్ఈడీ దీపాల జిగేలులో అవి కనబడవు. ఆ వెలుగులోకి ఒక నిమిషం చూశావంటే మళ్లీ నీ కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు. మన పడవలోనూ అంతే, తలకి కట్టుకునే లైటు ఎర్రదే వాడాలి, కింద ఎవరైనా వంటింటి తెల్ల లైటు వేస్తే పైనున్నవాడు గుడ్డివాడైనట్టే. వల కొసన జెండా కట్టిన కర్ర, దానికి మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది. అలాంటి లైట్లు రెండు వరసలో కనబడితే వాటి మధ్య నుంచి దూరకు, మధ్యలో ఉన్నదే వల. పడవలోంచి ఎవరైనా టార్చ్ అటూ ఇటూ ఊపుతుంటే అది పలకరింపు కాదు, వల ఎటుందో చెబుతున్నాడు. టార్చ్ ఊపిన వైపు నుంచి దూరంగా తిప్పు. ఒకవేళ వల పడిందా, ఇంజన్ మాత్రం వేయకు. తెరచాప ఒక్కటే ఉంటే చాలాసార్లు చాప వదులు చేసి ఆగితే జారిపోతుంది. ఇంజన్ వేశావో, ప్రొపెల్లర్‌కి చుట్టుకుని బిగుసుకుంటుంది. దాన్ని కోయడానికి రాత్రి నీళ్లలోకి ఎవర్నీ దింపొద్దు, తెల్లారే దాకా ఆగండి.

ఏఐఎస్ (ఓడలు తమ స్థానాన్ని రేడియోలో పంపే ఏర్పాటు) తెర మీద ఓడలన్నీ కనబడతాయి కదా అని ఇంకొకరు రాశారు. ఓడలు కనబడతాయి. చేపలు పట్టే చిన్న ఫైబర్ పడవలు చాలావరకు కనబడవు.

ప్రశ్న: రాత్రి గాలి పడిపోతుందని విన్నాను. మరి ఇంజన్ మీదే పోవాలా? (పుణె నుంచి ఒక తెలుగు ఇంజనీరు)

జవాబు: కొంతసేపు, అవును. నవంబరు నుంచి మే దాకా ఆ తీరంలో రోజూ జరిగేది ఇదే. మధ్యాహ్నం నేల వేడెక్కి సముద్రం నుంచి వాయవ్యపు గాలి లేస్తుంది, మంచి రోజున 10 నుంచి 15 నాట్లు, పడవ ఆరు నాట్లతో పరిగెడుతుంది, అందరూ ఫోటోలు దిగుతారు. పొద్దుగూకాక ఒకటి రెండు గంటల్లో అది నీరసిస్తుంది. తర్వాత కొన్ని గంటలు చాపలు ఊరికే తపతపలాడతాయి. చలికాలమైతే అర్ధరాత్రి దాటాక చల్లబడిన నేల మీదుగా, కనుమల వైపు నుంచి తూర్పు గాలి మొదలవుతుంది. ఒడ్డు నుంచి వచ్చే గాలి కాబట్టి దానికి అల ఉండదు, నీళ్లు పలకలా ఉంటాయి, పడవ ఎడమ నుంచి గాలి పట్టి మెత్తగా పోతుంది. మొత్తం ప్రయాణంలో నాకిష్టమైనవి ఆ మూడు నాలుగు గంటలే.

చిక్కేమిటంటే ఆ గాలి మరీ దూరం రాదు. ఒడ్డుకి పది మైళ్ల లోపల ఉంటేనే బాగా అందుతుంది. ఒడ్డుకి దగ్గరయ్యేకొద్దీ వలలు ఎక్కువ. మరీ దూరం పోతే గాలీ ఉండదు, ఓడల దారిలో పడతావు. నేను ఆరేడు మైళ్ల దగ్గర ఉండటానికే చూస్తాను. మధ్యలో గాలి లేని గంటలకి ఇంజన్ వేసుకోవడంలో సిగ్గేమీ లేదు. 30 హార్స్‌పవర్ ఇంజన్ నెమ్మదిగా నడిపితే గంటకి రెండు మూడు లీటర్ల డీజిల్. రాత్రంతా నడపాల్సి వచ్చినా సరిపోయేలా పోసుకుని బయల్దేరండి. తెరచాప ఎత్తే ఉంచి ఇంజన్ కూడా నడుపుతుంటే నిబంధనల ప్రకారం మీది ఇంజన్ పడవే, స్తంభం మీద తెల్ల దీపం వేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇంకోటి, ఆ తూర్పు గాలితో పాటు మంచు కురుస్తుంది. ముంబైలో చలేంటని నవ్వి పలచటి చొక్కాతో వచ్చినవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి చాప గుడ్డ కప్పుకుని వణుకుతూ కనబడతారు. డెక్ మీద అన్నీ తడిసిపోతాయి, కూర్చునే చోటుతో సహా. జాకెట్, టోపీ, రెండో జత సాక్సులు.

ప్రశ్న: పడవలో వాంతులు కాకుండా ఏం చేయాలి? తిండి ఏం పెట్టుకోవాలి? (గుంటూరు)

జవాబు: మాత్ర పనిచేసేది బయల్దేరే ముందు వేసుకుంటేనే, మొదలయ్యాక మింగింది బయటికే వస్తుంది. ఏ మాత్ర అన్నది డాక్టర్‌ని అడగండి, చాలావాటికి నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి ముందే ఒక రోజు ఇంట్లో వేసుకుని చూసుకోండి, రాత్రి వాచ్ ఉన్నవాడికి అది ముఖ్యం. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. తిప్పినట్టనిపిస్తే కిందికి పోయి పడుకోవడమో, పైకొచ్చి దూరంగా ఒడ్డు దీపాన్ని చూస్తూ చుక్కాని పట్టుకోవడమో. ఫోన్ చూశారో అయిపోయారు. వాంతి వస్తే గాలి వీచిపోయే వైపు అంచున, కొక్కెం తగిలించుకునే.

తిండికి మన పులిహోరని మించింది లేదు. పొద్దున కలిపింది రాత్రికీ బాగుంటుంది, వేడి చేయక్కర్లేదు, ఊగే పడవలో ఒక చేత్తో గిన్నె పట్టుకుని చెంచాతో తినొచ్చు. ఎవరి గిన్నె వాళ్లకి మూతపెట్టి చీకటి పడకముందే చేతికందే చోట పెట్టేయండి. ఫ్లాస్కులో వేడినీళ్లు, అల్లం టీ. నూనె వేపుళ్ల వాసన కింద గదిలో పట్టిందంటే ఇద్దరు పడిపోవడం ఖాయం.

ప్రశ్న: నలుగురంటున్నారు సరే, ఇద్దరే అయితే? మా వారూ నేనూ నేర్చుకుంటున్నాం. (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఒక్క రాత్రికి ఇద్దరు చాలు, ఇద్దరూ ఒంటరిగా పడవ నడపగలిగితే. ఒకరికి మాత్రమే వచ్చి రెండోవారు తోడుకి కూర్చుంటే అది ఇద్దరు కాదు, ఒక్కరే, ఆ ఒక్కరికీ నిద్రుండదు. మన నావికాదళంలో లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే 2024 అక్టోబరు 2న గోవా నుంచి తారిణి పడవలో బయల్దేరి ప్రపంచం చుట్టి 2025 మే 29న తిరిగొచ్చారు. అదే పడవలో 2017-18లో ఆరుగురు మహిళలు 254 రోజుల్లో ప్రపంచం చుట్టినప్పుడు అందులో మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. వాళ్ల శిక్షణ వేరు, మనతో పోలిక పెట్టడం లేదు, కానీ మనుషుల సంఖ్య ఒక్కటే లెక్క కాదని చెప్పడానికి.

ఇద్దరే ఉన్నప్పుడు మూడు గంటలు మూడు గంటలు బాగా నడుస్తుంది. ఆటోపైలట్ తప్పకుండా ఉండాలి. పైనున్నవారు ఒంటరి కాబట్టి కూర్చున్నప్పుడు కూడా కొక్కెం తీయకూడదు. అనుమానం వస్తే రెండోవారిని లేపాలి, లేపినందుకు విసుక్కోకూడదు. ఈ ఆఖరి షరతు భార్యాభర్తలు బయల్దేరే ముందే మాట్లాడుకోవడం మంచిదండి, అనుభవం మీద చెబుతున్నాను.

ప్రశ్న: ఎంతసేపూ కొంకణ్ గురించే రాస్తారు. వైజాగ్ నుంచి కాకినాడ ఎందుకు పోకూడదు? (కాకినాడ నుంచి ఒక ఫిషింగ్ బోటు యజమాని)

జవాబు: పోకూడదని ఎవరన్నారు గురువుగారూ, మీ బోట్లు రోజూ పోతూనే ఉన్నాయి. సముద్రం మీద సుమారు 75 మైళ్లు, సాయంత్రం మూడింటికి బయల్దేరితే పొద్దున ఆరేడింటికి హోప్ ఐలాండ్ పక్కన ఉంటాం, కాగితం మీద చక్కటి ఒక రాత్రి ప్రయాణం. తేడా ఎక్కడంటే దారిలో తలదాచుకునే చోటు. కొంకణ్‌లో ప్రతి ఇరవై ముప్ఫై మైళ్లకీ ఒక నది మూతో, కొండ చాటో ఉంది. అలీబాగ్ దాటితే మురుద్, తర్వాత హర్ణై, దాభోల్, జైగడ్. మన వైపు గంగవరం పోర్టు దాటాక పూడిమడక, పెంటకోట, ఉప్పాడ అన్నీ తెరిచిన ఒడ్డులే. మీ ఫైబర్ బోటు అల మీద ఎక్కి ఇసుకలోకి పోతుంది, అడుగున రెండు మీటర్ల లోతుకి దిగే ఇనప కీల్ (బరువు రెక్క) ఉన్న తెరచాప పడవ అలా పోలేదు. అంటే వైజాగ్ వదిలితే కాకినాడే.

రెండోది నీటి వాలు, అంటే సముద్ర ప్రవాహం, ఇది మీకు నాకన్నా బాగా తెలుసు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంబడి వాలు నైరుతికి, అంటే కాకినాడ వైపుకే లాగుతుంది. కానీ అవి తుపాను నెలలు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్ మీద ఏం చేసిందో ఎవరూ మర్చిపోలేదు. ఫిబ్రవరి వచ్చేసరికి వాలు ఈశాన్యానికి తిరగబడుతుంది, మార్చి ఏప్రిల్లో జోరు మీదుంటుంది. అప్పుడు 5 నాట్లు పోయే పడవ నాలుగే పోతే, పదిహేను గంటల ప్రయాణం పంతొమ్మిది గంటలవుతుంది. కాబట్టి నేనైతే జనవరి చూస్తాను, వెనక నుంచి ఈశాన్యపు గాలి కూడా ఉంటుంది. బయల్దేరే రోజు అలలు, నీటి వాలు ఎలా ఉంటాయో హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు ముందే చెబుతారు, సముద్రం లేని ఊళ్లో కూర్చుని చెప్పినా బాగానే చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి వలల బెడద ఉండదని ఒకరు సలహా ఇచ్చారు. నిజమే, కానీ అప్పుడు వాలు ఎదురు, గాలీ ఎదురు.

పర్మిషన్ల సంగతి మాత్రం రెండు తీరాల్లోనూ ఒకటే. పోర్టు కంట్రోల్‌కి చెప్పాలి, మనుషుల జాబితా ఇవ్వాలి, పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియోకి లైసెన్స్ ఉండాలి, అందులో ఆపద పిలుపులు వచ్చే 16వ చానల్ రాత్రంతా తెరిచి వినాలి. 2008 ముంబై దాడుల తర్వాత తీరంలో గస్తీ పెరిగింది, అర్ధరాత్రి పోలీసు పడవ పక్కకొచ్చి లైటు కొడితే అందరి గుర్తింపు కార్డులూ ఒకే కవర్లో, తడవకుండా, చేతికందేలా ఉండాలి.

ప్రశ్న: అనుకున్నదానికన్నా ముందే, తెల్లారకుండానే చేరిపోతే ఏం చేస్తారు? (హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ తమ్ముడి ఉత్తరంలోనే చివరి ప్రశ్న)

జవాబు: బయటే ఆగుతాం. గాలి బాగా దొరికి ఆరు నాట్లు పోయారనుకో, ఐదూ నలభైకే జైగడ్ ముందుంటారు, అప్పటికింకా చీకటే. లైట్‌హౌస్ కనబడుతుంది, పక్కనే పోర్టు దీపాలు ఊరంత వెలుగుతుంటాయి, అందరికీ ఒళ్లు నొప్పులు, లోపలికి పోయి లంగరేసి పడుకుందామని నలుగురూ అంటారు. ఆ పోర్టు వెలుగులే మోసం. వాటి ముందు లంగరేసి ఉన్న బార్జి దీపం వేరుగా కనబడదు, శాస్త్రి నది మూతిలో కట్టిన వలలు అసలే కనబడవు. అందుకే నాలుగింటి వాచ్‌లోనే లెక్క వేసుకుని, ముందే చేరేలా ఉంటే పడవ ముందు వైపు చాప చుట్టేసి వేగం తగ్గించండి. అప్పటికే దగ్గరకొచ్చేస్తే మూడు నాలుగు మైళ్ల దూరంలో, ఓడల దారికి పక్కగా, ముందు చాప గాలికి అడ్డం పెట్టి, చుక్కాని కట్టేసి పడవని నిలబెట్టేయండి. నిలబెట్టినా పడవ కొట్టుకుపోతూనే ఉంటుంది కాబట్టి వాచ్ మాత్రం మామూలుగానే నడవాలి, స్థానం పావుగంటకోసారి గుర్తు పెట్టాలి. ఏడుంపావుకి సూర్యుడొస్తాడు. టీ పెట్టి, కిందున్న ఇద్దర్నీ లేపి, లంగరు తాడు చిక్కుల్లేకుండా పరుచుకుని, అప్పుడు లోపలికి పోండి.